మిషన్ ఆపి మాట్లాడటం: తాడిపత్రి బండల ఫ్యాక్టరీ యజమాని కేసు

కోపానికి కూడా ట్రీట్‌మెంట్ ఉంటుందా, ఉంటే పనిచేస్తుందా అని నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది కోపిష్టులు కారు. వాళ్ల భార్యలు, అమ్మలు, అప్పుడప్పుడు పక్క సీట్లో పనిచేసేవాళ్లు. ఆ కోపం ఎవరి మీద పడుతుందో వాళ్లే అడుగుతారు. పనిచేసిందా లేదా అని చివర్లో తేల్చాల్సింది కూడా వాళ్లేనని నా అభిప్రాయం. ఈ కేసు రాయడానికి కారణం అదే. ఇందులో ఒక దశలో నా ప్రశ్నాపత్రం ప్రకారం ఆయన కోపం బాగా తగ్గింది, ఆయన భార్య నోట్‌బుక్ ప్రకారం తగ్గలేదు.

రాసుకోండని భార్యాభర్తలిద్దరూ ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వీలు లేకుండా ఇంటి వివరాలు కొన్ని మార్చాను. పేర్లు పెట్టడం లేదు. నేను అనంతపురంలో క్లినికల్ సైకాలజిస్టును. మందులు రాయను, అవి కావాలనుకుంటే సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతాను.

ఎందుకొచ్చాడు

నలభై దాటిన మనిషి. తాడిపత్రి దగ్గర నాపబండలు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీ నడుపుతాడు. వాళ్ల నాన్న గనిలో కూలి. ఈయన పదో తరగతి తప్పి, కటింగ్ మిషన్ మీద పనికి చేరి, ఇరవై ఏళ్లు తిరిగేసరికి తనే మిషన్లు పెట్టుకున్నాడు. ఇప్పటికీ మనుషులు తక్కువైన రోజు తనే బ్లేడు ముందు నిలబడతాడు.

ఒక మధ్యాహ్నం లారీ వచ్చి నిలబడి ఉంది. లోడు ఎక్కించే తొందరలో ఒక బండ మూల విరిగింది. దాన్ని మోస్తున్న కుర్రాడి మీదికి చేతిలో ఉన్న స్పానర్ విసిరాడు. నుదుటి మీద కుట్లు పడ్డాయి. కుర్రాడి ఊరివాళ్లు వచ్చారు, పెద్దమనుషులు కూర్చున్నారు, ఆసుపత్రి ఖర్చూ పైన కొంత డబ్బూ ఇచ్చేట్టు పంచాయితీ తెగింది. అంతటితో పోయేదేమో గానీ, వారం తిరక్కుండానే మేస్త్రీ తన మనుషులందరినీ వెంటబెట్టుకుని ఇంకో ఫ్యాక్టరీకి పోయాడు. ఇచ్చిన అడ్వాన్సులకు నీళ్లొదులుకోవాల్సి వచ్చింది. కొత్తవాళ్లు ఈయన పేరు వింటే రావడం మానేశారు. అప్పుడు బావమరిది కారులో ఎక్కించుకొచ్చి నా ముందు కూర్చోబెట్టాడు.

‘నాకు సర్రున లేస్తాది మేడమ్. లేసినాక ముందూ వెనకా కనపడదు. మనసులో ఏమీ ఉండదు, ఐదు నిమిషాలకు నిమ్మళమైపోతా. నోరొకటే చెడ్డది.’

బావమరిది కూడా తలూపాడు. ‘మనిషి మంచోడు మేడమ్, కోపమొకటే.’

సీమలో పనిచేసే సైకాలజిస్టుకు ఈ రెండు మాటలూ వినీ వినీ కంఠతా వచ్చేస్తాయి. మా దగ్గర మగవాడి కోపానికి మర్యాద ఎక్కువ. ‘పౌరుషం ఉండే మనిషి’ అంటే పొగడ్త. సినిమాలు దానికి ఇంకాస్త ఆజ్యం పోశాయి. ఇలాంటి మాటలు విన్నప్పుడు నేను కోపం గురించి ఏమీ రాసుకోను. ‘భార్యను విడిగా చూడాలి’ అని మాత్రం రాసుకుంటాను.

ఆమెతో విడిగా

భర్త బయట వరండాలో కూర్చుని ఉంటే భార్య నోటి నుంచి సగం మాటలే వస్తాయి. అందుకే ఆమెను వేరే రోజు, వాళ్ల తమ్ముడితో రమ్మన్నాను. నేను అడిగేవి సూటి ప్రశ్నలు. కొట్టాడా? గొంతు పట్టుకున్నాడా? కత్తి గానీ ఇంకేదైనా గానీ చూపించి బెదిరించాడా? కడుపుతో ఉన్నప్పుడు చెయ్యి చేసుకున్నాడా? ఈ రోజు ఇంటికి పోవడానికి భయంగా ఉందా? గొంతు నొక్కడం ఒక్కసారి జరిగినా అది ముందుముందు ప్రాణాల మీదికి తెచ్చే సూచన. అలాంటప్పుడు కోపం గురించి మాట్లాడుకోవడం పక్కనపెట్టి ఆమె ప్రాణం సంగతి చూడాలి.

మొత్తం సంసారంలో రెండు చెంపదెబ్బలని ఆయన చెప్పాడు. ఆమె నవ్వింది. ‘రెండనేది ఆయన లెక్క. నేను లెక్క పెట్టలేదు మేడమ్. కడాగా కొట్టి రెండేండ్లు దాటింది.’ గొంతు పట్టుకోవడం, ఆయుధం చూపడం లేవు. భయమా అని అడిగితే ఆమె చెప్పింది ఇది:

‘భయమంటే అట్లాంటి భయం కాదు. అలుపు. సాయంత్రం బండి చప్పుడు వినపడితే పిల్లోళ్లు టీవీ కట్టేస్తారు. నేను చేతిలో పని ఇడిసిపెట్టి నీళ్లు తెచ్చి నిలబడతా. ఏమీ జరగని దినం గూడా అంతే.’

కోపం కొలిచే ప్రశ్నాపత్రాల్లో ఈ ప్రశ్న ఉండదు. ఎన్నిసార్లు అరిచాడని లెక్కపెడతాం. అరవని రోజున ఇంట్లో వాళ్లు ఎలా మసలుకుంటారో లెక్కపెట్టం. నేను ఆమె మాటను ఉన్నది ఉన్నట్టు ఫైల్లో రాసుకుని, దాన్ని కూడా ఒక కొలతగా పెట్టుకున్నాను: టీవీ కట్టేశారా, లేదా.

ఆమెకు 2005 గృహహింస చట్టం గురించి, మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు గురించి, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే జిల్లాలోని సఖి కేంద్రం గురించి చెప్పాను. రాత్రిపూట అవసరమైతే ఎక్కడికి పోవాలో ముందే అనుకోమన్నాను. ఊళ్లోనే తమ్ముడి ఇల్లుంది. ఆయనకు కూడా ఒక షరతు చెప్పాను. ఈ ట్రీట్‌మెంట్ జరిగే కాలంలో ఇంట్లో ఎవరి మీద చెయ్యి లేచినా ఇది ఇక్కడితో ఆగుతుంది, ఆ తర్వాత నేను ఆమె పక్షాన పనిచేస్తాను.

ఈ జాగ్రత్త ఎందుకంటే, కోపం తగ్గించే చికిత్స కొట్టే భర్తలకు మందు కాదు. భార్యను భయపెట్టి గుప్పిట్లో పెట్టుకునే మనిషికి ఊపిరి వ్యాయామం నేర్పితే వాడు ప్రశాంతంగా భయపెడతాడు. అమెరికాలోని డులూత్ పట్టణంలో 1980ల మొదట్లో భార్యల్ని కొట్టే మగవాళ్ల కోసం ఒక కార్యక్రమం మొదలైంది. అది కోపాన్ని పక్కనపెట్టి పెత్తనాన్ని చర్చకు పెట్టింది. ఆ పద్ధతి ఎంతవరకు ఫలించిందనే దాని మీద వాదనలున్నాయి గానీ, రెంటినీ విడదీసి చూడాలన్న వాళ్ల పట్టు సరైనదే. ఈయన కేసు గీతకు అటూ ఇటూగా ఉంది. దెబ్బలు ఆగి రెండేళ్లు దాటడం, కోపం ఇంటికే పరిమితం కాకపోవడం, భార్య స్వేచ్ఛగా పుట్టింటికీ బ్యాంకుకూ పోయి రాగలగడం చూసి తీసుకున్నాను.

చెవి

ఆయన నాతో మాట్లాడేటప్పుడు ఎడమ చెవి కాస్త ముందుకు పెట్టి కూర్చునేవాడు. ఫ్యాన్ వేగంగా తిరుగుతున్నప్పుడు నేను ‘నిద్ర సరిగ్గా పడుతుందా’ అని అడిగితే ‘ఇద్దరే మేడమ్, ఒక కూతురు, ఒక కొడుకు’ అన్నాడు. భార్య ఫిర్యాదు ‘పిలిస్తే పలకడు, పలికితే అరుస్తాడు’. ఆయన ఫిర్యాదు ‘ఇంట్లో అందరూ గొణుగుతారు, ఏమంటే ఏమీ లేదంటారు’. ఇరవై ఏళ్లు రాయి కోసే మిషన్ పక్కన, చెవుల్లో ఏమీ పెట్టుకోకుండా.

ఈఎన్‌టీ డాక్టరు దగ్గర ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, చేయించాం. రెండు చెవుల్లోనూ 4000 హెర్ట్జ్ దగ్గర గ్రాఫు గుంతలా దిగిపోయింది. శబ్దం వల్ల పాడైన చెవికి అది ముద్ర లాంటిది. 85 డెసిబెల్స్ దాటిన మోతలో రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఏళ్ల తరబడి ఉంటే లోపలి చెవిలో సన్నని శబ్దాలను పట్టే కణాలు ముందు చనిపోతాయి. అవి మళ్లీ పుట్టవు. అచ్చుల మోత వినపడుతుంది, స, శ, త, క లాంటి హల్లులు జారిపోతాయి. అంటే ఎదుటి మనిషి మాట్లాడుతున్నాడని తెలుస్తుంది, ఏమన్నాడో తెలియదు. మగవాళ్ల బొంగురు గొంతులు పర్వాలేదు, ఆడవాళ్లవీ పిల్లలవీ గొంతులు ముందు పోతాయి. అందరూ అరుచుకునే ఫ్యాక్టరీలో ఈయనకు ఏ ఇబ్బందీ లేదు. ఇంట్లోనే చెవుడు.

ఇప్పుడు ఆ ఇంట్లో సాయంత్రం ఊహించండి. కూతురు ఇంటర్ చదువుతోంది, ఫీజు గురించి ఏదో అంటుంది. ఆయనకు వినపడదు. ‘ఏంది?’ మళ్లీ అంటుంది. ‘ఏంది, గట్టిగా చెప్పు!’ ఆ గొంతుకు పిల్ల ఉలిక్కిపడి ‘ఏం లేదు నాయనా’ అంటుంది. ఆ ‘ఏం లేదు’ మాత్రం ఆయనకు స్పష్టంగా వినపడుతుంది. తనంటే లెక్క లేదని దానికి ఆయన చేసుకునే అర్థం.

కోపమంతా చెవి వల్ల వచ్చిందని అనడం లేదు. స్పానర్ విసిరింది చెవి కాదు. కానీ ఇంట్లో గొడవల్లో చాలావాటికి మొదలు అక్కడుంది. రోజుల తరబడి ధ్యానం చేయించినా ఆ మొదలు పోదు.

మిగతా పరీక్షల్లో థైరాయిడ్, షుగర్ సరిగ్గా ఉన్నాయి. బీపీ 150/96. సాయంత్రం తాగుడు విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన పది ప్రశ్నల ఆడిట్ పత్రం నింపించాను. 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే జాగ్రత్త పడాలి, ఈయనది దాటింది. సైకియాట్రిస్టు చూసి డిప్రెషన్ గానీ బైపోలార్ గానీ లేదన్నారు. బీపీకి ఫిజీషియన్ మందు మొదలుపెట్టారు.

జబ్బని రాసియ్యమన్నాడు

‘ఇది జబ్బే కదా మేడమ్? ఒక కాయితం రాసియ్యండి.’ ఆ కాగితం పెద్దమనుషులకు, భార్య తరఫువాళ్లకు చూపించాలని ఆయన ఆలోచన.

కోపం అనే పేరుతో మానసిక జబ్బేదీ లేదు. దగ్గరగా ఉన్నది ఇంటర్మిటెంట్ ఎక్స్‌ప్లోజివ్ డిజార్డర్. మానసిక జబ్బులను నిర్ధారించడానికి వాడే అమెరికన్ పుస్తకం, 2013లో వచ్చిన డీఎస్ఎం-5 ప్రకారం మూడు నెలల పాటు సగటున వారానికి రెండుసార్లు తిట్లు, కేకలు, చిన్న దాడులు ఉండాలి. లేదా ఏడాదిలో మూడుసార్లు వస్తువులు పగలగొట్టడమో మనుషులను గాయపరచడమో జరిగి ఉండాలి. అంతవరకు ఈయనకు సరిపోతుంది. కానీ ఇంకో షరతుంది. ఆ కోపం ముందుగా అనుకోనిదై ఉండాలి. డబ్బు, పెత్తనం, భయపెట్టడం లాంటి లాభం కోసం వచ్చింది కాకూడదు. తాగుడు వల్ల వచ్చేదైనా దీనిలోకి రాదు. ఈ రెండు చోట్లా నాకు అనుమానం ఉంది. అనుమానం ఉన్నచోట పేరు పెట్టను. పేరు పెట్టాక ‘నాకు జబ్బుంది, ఏం చేసేది’ అనే మాట ఇంట్లో ఇంకో ఆయుధమవుతుంది. కాగితం ఇవ్వలేదు. దానికి ఆయన నా మీద కోపగించుకున్నాడు, గొంతు లేవకుండానే.

ఎవరి మీద రాదో చూడటం

కోపం వచ్చిన ప్రతిసారీ రాసుకోమని చెప్పడం ఈ చికిత్సలో మామూలు పద్ధతి. ఈయన రాయడు. ఫ్యాక్టరీ లెక్కలే భార్య రాస్తుంది. అందుకని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టమన్నాను. ఎక్కడ, ఎవరి మీద, ముందు ఒంట్లో ఏం తెలిసింది, మనసులో ఏ మాట వచ్చింది, ఎంతసేపు ఉంది. మొదట్లో వచ్చిన మెసేజ్‌లలో వెనక మిషన్ మోత, ముందు ఈయన కేకలు. చెప్తూ చెప్తూ మళ్లీ మండిపడేవాడు. కొన్ని వారాలకు అవి అర నిమిషానికి కుదురుకున్నాయి.

వాటిని వింటే రెండు వేళలు బయటపడ్డాయి. భోజనం ఆలస్యమైన మధ్యాహ్నాలు, ఇంటికి చేరిన మొదటి అరగంట. ఇది ఎవరి కేసులోనైనా కాస్త అటూ ఇటూగా ఇలాగే ఉంటుంది. నాకు ఎక్కువ పనికొచ్చింది మెసేజ్‌లలో లేని మనుషుల జాబితా. బెంగళూరులో ఒక వ్యాపారి నెలల తరబడి డబ్బు ఆపాడు, ఆయన లేడు. బ్యాంకు మేనేజరు లేడు. కరెంటు తీసేసిన లైన్‌మ్యాన్ లేడు. సొంత అన్న లేడు.

‘బెంగళూరాయన మీద స్పానర్ ఎందుకు విసరలేదు?’ అని అడిగాను.

‘ఆయన కొనేవాడు మేడమ్. అది వేరే, ఇది వేరే’ అని చాలాసేపు వాదించాడు. తర్వాతి వారం మెసేజ్‌లో తనే అన్నాడు: ‘ఆయప్పతో ఫోన్లో మాట్లాడేటప్పుడు గూడా లోపల మండుతానే ఉంటాది. గొంతు మాత్రం లేయదు. ఎట్లనో పట్టుకుంటాండా.’

మిగతా చికిత్సంతా ఆ ‘ఎట్లనో’ మీద నడిచింది. ఫోన్లో కోపం వచ్చినప్పుడు ఏం చేస్తావని ఒక్కొక్కటిగా అడిగాను. కూర్చుంటాడు. ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మారుస్తాడు. ‘సరేన్నా, సాయంత్రం మళ్లా ఫోన్ చేస్తా’ అని పెట్టేస్తాడు. సాయంత్రం నిజంగానే చేస్తాడు. ఇవి నేను నేర్పాల్సినవే. ఆయనకు ముందే వచ్చు. కాకపోతే ఎదుటివాడికి తన మీద పైచెయ్యి ఉన్నప్పుడే వాడతాడు. కోపం వస్తే కళ్లు కనపడవనే మాటకు అక్కడితో కాలం చెల్లింది. ఆయన కూడా మళ్లీ ఆ మాట అనలేదు.

రాయి విరగడానికి కారణాలు

అనంతపురంలో ఒక జిమ్ కుర్రాడు పంచింగ్ బ్యాగ్ కొట్టుకుంటే కోపం పోతుందని ఈయనకు చెప్పాడట. కోపం లోపల ఉంచుకోకూడదు, కక్కేయాలి అనేది చాలామంది నమ్మకం. 2002లో అమెరికన్ సైకాలజిస్ట్ బ్రాడ్ బుష్‌మన్ ఆరువందల మంది విద్యార్థులతో దీన్ని పరీక్షించాడు. తమకు కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ బ్యాగ్ కొట్టినవాళ్ల కోపం పెరిగింది. ఊరికే కూర్చున్నవాళ్లు వాళ్లకన్నా నయం. 2024లో ఆయనే ఇంకొకరితో కలిసి 154 అధ్యయనాలను, పదివేల మందికి పైగా మనుషుల సమాచారాన్ని కలిపి చూశాడు. ఒంటిని చల్లబరిచేవి కోపాన్ని తగ్గించాయి. ఒంటిని వేడెక్కించేవి మొత్తం మీద తగ్గించలేదు. జాగింగ్‌తో పెరిగింది కూడా. బీపీకి నడక మంచిదే, నడవమన్నాను. కోపం వచ్చినప్పుడు మాత్రం బ్యాగ్ వద్దన్నాను.

ఊపిరి వ్యాయామం ఆయనకు పట్టలేదు. ‘పంతులు ముందర కూర్చున్నట్టుంది మేడమ్’ అన్నాడు. రాత్రి పడుకునే ముందు చేస్తే నిద్ర పడుతోందన్నాడు, అంతవరకు చాలన్నాను.

ఆలోచన మీద చేసిన పని మాత్రం ఆయనకు నచ్చింది, నేను రాయి దగ్గర మొదలుపెట్టాను కాబట్టి. బండ ఎందుకు విరుగుతుందని అడిగాను. హుషారుగా చెప్పుకొచ్చాడు. రాయిలోనే వెంట్రుకంత పగులు ఉండొచ్చు. బ్లేడు అరిగి ఉండొచ్చు. నీళ్లు తక్కువ పడి ఉండొచ్చు. పరిచిన చోటు మట్టంగా లేకపోవచ్చు. ఎత్తేటప్పుడు ఒక మూల ముందు లేపి ఉండొచ్చు. సరే, మనిషి పనికి ఆలస్యంగా రావడానికి? ‘లెక్కలేక.’ ఇంకా? ‘ఇంకేముంటాది.’

అప్పటినుంచి ప్రతి మెసేజ్‌లో మనిషికి కూడా ఇంకో రెండు కారణాలు చెప్పి, మరుసటి రోజు ఏది నిజమో కనుక్కోవాలని పెట్టాం. ఒక కుర్రాడు రోజూ ఆలస్యంగా రావడానికి కారణం తేలింది: ఊరి నుంచి వచ్చే షేర్ ఆటో నిండేదాకా కదలదు. ఆ కుర్రాడి పని మొదలయ్యే వేళ కాస్త వెనక్కి జరిపాడు, గొడవ పోయింది. ఇంకోడి విషయంలో నిజంగా నిర్లక్ష్యమే అని తేలింది. వాడి మీద వచ్చిన కోపం న్యాయమే. న్యాయమైన కోపానికి కూడా స్పానర్ అవసరం లేదు. లెక్క చూసి పంపించేశాడు.

మిషన్ ఆపడం

1970ల్లో అమెరికన్ సైకాలజిస్టు రేమండ్ నోవాకో కోపానికి రూపొందించిన చికిత్సా పద్ధతిలో కోపం తెప్పించే సందర్భాలను చిన్నవాటి నుంచి పెద్దవాటికి పేర్చి, గదిలో సాధన చేసి, తర్వాత బయట ప్రయత్నిస్తారు. మేం కూడా అలాగే పేర్చాం. అన్నిటికన్నా పైన ఉన్నది: లారీ నిలబడి ఉండగా బండ విరగడం. గదిలో బావమరిది కూలివాడి వేషం వేశాడు, బాగానే వేశాడు. కానీ అక్కడ మిషన్ మోత లేదు.

ఫ్యాక్టరీకి పనికొచ్చే సూత్రం ఆయన వృత్తిలోంచే దొరికింది. పనివాళ్లతో పని గురించి ఏ మాట అనాలన్నా ముందు మిషన్ ఆపాలి. స్విచ్ దాకా తనే నడవాలి. బ్లేడు తిరగడం పూర్తిగా ఆగేదాకా నోరు తెరవకూడదు. కట్టేయగానే ఆ బ్లేడు ఆగదు, కాసేపు తిరుగుతూనే ఉంటుంది. ఆ కాసేపు చాలు. పైగా మోత ఆగాక అరవాల్సిన పనిలేదు, ఎదుటివాడి జవాబు వినపడుతుంది. ఈ చివరిది ఆయనకు కొత్త అనుభవం. ఇన్నేళ్లలో కూలివాళ్లు ఏం సమాధానం చెప్పుకునేవారో ఆయన పూర్తిగా విన్నదే లేదు.

మిషన్ ఆపితే పని నష్టం. ఆ లెక్క కూడా ఆయనే వేశాడు: ‘ఒక తిట్టుకు రెండు బండలు పోతాయి మేడమ్.’ దాంతో చాలా తిట్లు దండగని తేలింది. ఇలాంటి సూత్రం నేను ఏ శిక్షణలోనూ నేర్చుకోలేదు, ఇంకొకరికి ఇదే చెప్తే పనిచేయదు కూడా. హోటల్ నడిపేవాడికి వేరే కావాలి, లెక్చరర్‌కు వేరే.

ఇంట్లో మార్చినవి చిన్నవి. రాగానే స్నానం, ఉగ్గానో బొరుగులో ఏదో ఒకటి తినడం, ఆ తర్వాతే ఎవరైనా ఏదైనా అడగడం. చెవి మిషన్ పెట్టుకోవడం. తాగుడు ఆదివారానికి పరిమితం చేయడం. ఇది చాలావరకు జరిగింది, పూర్తిగా కాదు. గొడవ ముదురుతోందనిపిస్తే ‘అరగంట తర్వాత వస్తా’ అని చెప్పి మిద్దె పైకి పోవడం.

నా పత్రం, ఆమె నోట్‌బుక్

కోపాన్ని కొలవడానికి నేను వాడేది స్పీల్‌బెర్గర్ స్టాక్సీ-2 అనే ప్రశ్నాపత్రం. 1999లో వచ్చింది, 57 ప్రశ్నలు. బయటికి చూపే కోపాన్ని, లోపల అణిచిపెట్టే కోపాన్ని, అదుపును విడివిడిగా కొలుస్తుంది. నెలన్నర దాటాక మళ్లీ నింపిస్తే బయటికి చూపే కోపం బాగా తగ్గింది, అదుపు పెరిగింది. లోపలి కోపం మొదట్లో ఎంతో అంతే తక్కువగా ఉంది. కాగితం మీద ఇది మంచి ఫలితం.

భార్య దగ్గర రెండు రూపాయల కలంతో రాసే ఒక లెక్కల నోట్‌బుక్ ఉంది. రోజుకు ఒక లైను. అరిచాడా, ఎంతసేపు, టీవీ కట్టేశారా, మాట్లాడాడా. ఆ పుస్తకం ఉందని ఆయనకు తెలుసు. చదవకూడదని ఒప్పందం, నేరుగా నాకే చూపిస్తుంది. (ప్రమాదం ఎక్కువున్న ఇళ్లలో ఇలాంటి పుస్తకం పెట్టించను. భర్త చేతికి చిక్కితే దానికే దెబ్బలు పడతాయి.) సరిగ్గా అదే వారంలో ఆమె రాసిన లైను ఇది:

‘అరవలేదు. మూడో దినం. మాట లేదు. అన్నం పెట్టి వచ్చేసినా.’

మిద్దె పైకి పోయినవాడు అరగంటకు దిగి వస్తున్నాడు గానీ నోరు విప్పడం లేదు. మూడు రోజులు, నాలుగు రోజులు. పిల్లలు అరుపుకు భయపడినదానికన్నా దీనికి ఎక్కువ భయపడుతున్నారని ఆమె చెప్పింది. అరుపు వస్తే అయిపోతుందని తెలుసు, ఇది ఎప్పుడు అయిపోతుందో తెలియదు. పత్రంలో ‘లోపల పెట్టుకుంటాను’ అనే ప్రశ్నలకు ఎందుకు తక్కువ మార్కులేశావని ఆయన్ని అడిగాను. నిజాయితీగానే చెప్పాడు: ‘ఊరికే ఉంటే కోపమెట్లయితాది మేడమ్? మీరే కదా ఊరికే ఉండమంటిరి.’

అప్పుడు అరగంట నియమానికి రెండో సగం చేర్చాం. దిగి వచ్చాక మొదటి మాట తనే మాట్లాడాలి. గొడవ గురించే అక్కర్లేదు, ‘అన్నం తిందాం రా’ అన్నా చాలు. అరుపు ఆపడం కన్నా ఇది ఆయనకు కష్టమైంది. మొదటి మాట తను మాట్లాడితే ఓడిపోయినట్టని ఆయనకు చిన్నప్పటినుంచి నూరిపోసిన లెక్క. దీని మీదే నెలన్నర పట్టింది. కేసు మొత్తంలో అతి నెమ్మదిగా కదిలిన భాగం ఇదే, నా దృష్టిలో అసలు చికిత్స కూడా ఇదే.

పనిచేసిందా

వారానికోసారి మొదలుపెట్టి, తర్వాత పదిహేను రోజులకోసారి, మధ్యలో కొన్ని ఫోన్లో, మొత్తం ఐదు నెలలు నడిచింది. తాడిపత్రి నుంచి అనంతపురం వచ్చి పోవాలంటే ఒక పూట పని పోతుంది. యజమాని కాబట్టి రాగలిగాడు. కూలికి పోయే మనిషికి ఇది కుదరదు. అలాంటివాళ్లకు ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఇస్తాను. 2022 అక్టోబరు నుంచి ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఫ్యాక్టరీలో ఆ తర్వాత ఏ వస్తువూ గాల్లోకి లేవలేదు. కొత్త మేస్త్రీ కుదిరాడు, పాతవాళ్లలో కొందరు తిరిగి వచ్చారు. ఇంట్లో అరుపులు దాదాపు రోజూ ఉండేవి, వారం పది రోజులకు ఒకసారికి వచ్చాయి. మౌనం రోజుల నుంచి ఒక పూటకు తగ్గింది. చెయ్యి చేసుకోలేదని ఇద్దరూ విడివిడిగా చెప్పారు. కూతురు మాత్రం ఇప్పటికీ ఏదైనా కావాలంటే అమ్మ ద్వారానే అడుగుతుంది. నోట్‌బుక్‌లో ‘టీవీ కట్టేసినారు’ అనే మాట చాలా పేజీల్లో అలాగే ఉంది. ఐదు నెలల్లో పోయేది కాదది.

ఇందులో నా చికిత్స వాటా ఎంత? ఒక్క కేసుతో విడదీయలేం. చెవి మిషన్, బీపీ మందు, తగ్గిన తాగుడు, మేస్త్రీ పోవడం వల్ల తగిలిన దెబ్బ, అన్నీ కలిశాయి. నా అంచనా అడిగితే ఇంట్లో చెవి మిషన్‌కు, ఫ్యాక్టరీలో స్విచ్ దాకా నడకకు ఎక్కువ మార్కులు వేస్తాను. మౌనం తగ్గింది మాత్రం కూర్చుని మాట్లాడుకున్నందువల్లే.

పెద్ద లెక్కలు చూస్తే, 1998లో బెక్, ఫెర్నాండెజ్ అనే ఇద్దరు 50 అధ్యయనాలను, 1640 మందిని కలిపి చూశారు. ఈ తరహా చికిత్స తీసుకున్న సగటు మనిషి, తీసుకోనివాళ్లలో 76 శాతం మంది కన్నా మెరుగ్గా ఉన్నాడని తేలింది. మానసిక చికిత్సల్లో అది మంచి ఫలితమే. ఇలాంటి లెక్కల్లో ఎక్కువ భాగం చికిత్స తీసుకున్న మనిషి తన గురించి తను చెప్పుకున్నది. అందుకే ఆ నోట్‌బుక్ లాంటిది లేకుండా నేను ‘తగ్గింది’ అని ఫైల్లో రాయను.

పనిచేసిందా అని ఆమెనే అడిగాను. ‘ఆయన మారినాడు మేడమ్. మేమే ఇంకా మారలేదు. బండి చప్పుడైతే కాళ్లు వాటికవే లేస్తాయి’ అంది. ఆమెకూ కూతురికీ విడిగా కొన్ని సెషన్లు మొదలుపెట్టాం. ఆ ఖర్చు తనే పెట్టుకుంటానని ఆయన అన్నాడు, ఎందుకు అవసరమో మాత్రం ఆయనకు ఇంకా పూర్తిగా అర్థం కాలేదు.

ప్రస్తుతం రెండు నెలలకోసారి వస్తున్నాడు. బీపీ మందు నడుస్తోంది. ఇంట్లో చెవి మిషన్, ఫ్యాక్టరీలో దాన్ని తీసేసి మోత ఆపే ఇయర్ మఫ్. అవి తను ఒక్కడే పెట్టుకుంటే చాలదని, బ్లేడు ముందు నిలబడే మిగతావాళ్లకు కూడా కొనిపించమని బావమరిదికి చెప్పాను. ఇద్దరు పెట్టుకుంటున్నారట. మిగతావాళ్లు మెడకు తగిలించుకుని తిరుగుతున్నారు. ఆడియోమెట్రీ ఏడాది తర్వాత మళ్లీ చేయించాలి.